అయిదు ఆంపియర్లని చెప్పాను

గంజాం మద్రాసు నుంచి విడిపోయి కొత్త ఒరిస్సాలో కలిసిన కొన్నేళ్లకు, బరంపురం బడా బజార్‌లోని మా ఇంటికి కరెంటు వచ్చింది. వీధివైపు నాన్న బట్టల కొట్టు, దాని వెనక తానులు పేర్చే గది, ఆ వెనక వంటిల్లు. వంటంతా మా మేనత్తది. భర్త పోయాక తమ్ముడింటికే వచ్చి ఉండిపోయిన మనిషి. పొగకి ఆవిడ కళ్లు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. అది చూడలేక నాన్న మద్రాసు నుంచి కరెంటు పొయ్యి తెప్పించాడు.

వైర్లు లాగడానికి వచ్చిన మిస్త్రీ అస్కా దగ్గరి ఒడియా మనిషి. మన "అయ్యా"కి బదులు "ఆజ్ఞా" అంటూ మెల్లగా మాట్లాడేవాడు, పని మాత్రం కొలిచి చేసేవాడు. కొట్టూ, తానుల గదీ చూసుకుంటూ వచ్చి వంటింటి గుమ్మం దగ్గర ఆగిపోయాడు. లోపల అత్త మడి కట్టుకుని ఉంది. పరాయివాడు అడుగు పెట్టకూడదు, పొయ్యి ముట్టుకోకూడదు.

"ఆజ్ఞా, నాను లోపలికి రాకూడదు గదా. ఆ పొయ్యి ఎంత కరెంటు తింటాదో మీరే సూసి సెప్పండి. దాన్ని బట్టి వైరు ఏస్తాను" అన్నాడు నాతో.

నేనప్పుడు కాలేజీలో ఇంటర్. ఫిజిక్సులో నన్ను మించినవాడు లేడని నా నమ్మకం. పొయ్యి అడుగున రేకు మీద 220 వోల్టులు, 1100 వాట్లు అని ఉంది. వాట్లను వోల్టులతో భాగిస్తే కరెంటు అయిదు ఆంపియర్లు. వోల్టులను ఆ అయిదుతో భాగిస్తే పొయ్యి తీగ నిరోధం నలభై నాలుగు ఓములు. అతనికి కావలసింది మొదటి అంకె ఒక్కటే. రెండోది నా గొప్ప కోసం చెప్పాను. అతను నవ్వి, అయిదు ఆంపియర్లకు సరిపడా వైరూ ఫ్యూజూ వేశాడు. వైర్లు తానుల గది గోడ పొడుగునా కొయ్యపట్టీల్లోంచి తెచ్చి, గుమ్మం బయటే ప్లగ్గు పెట్టి వెళ్లాడు.

కొన్ని నెలలు బాగానే గడిచాయి. ఒకరోజు అత్త, "పాలు అడుగంటిపోతన్నాయిరా. కాస్త సెగ తగ్గించలేవేటి?" అంది.

నాకు చేతకానిదేముంది? కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణిస్తే పవరు వస్తుందని పుస్తకంలో ఉంది. నిరోధం సగం చేస్తే వేడీ సగమే కదా అనుకున్నాను. మర్నాడు పొద్దున్న, అత్త స్నానానికి వెళ్లకముందే, పొయ్యిలోని తీగ చుట్టను సగానికి కత్తిరించి, మిగిలిన సగాన్ని సాగదీసి బిగించాను. వోల్టులు మారనప్పుడు నిరోధం తగ్గితే కరెంటే పెరుగుతుందని పరీక్షలో అడిగితే గడగడా చెప్పేవాణ్ణి. ఇంట్లో ఆ ముక్క తట్టలేదు. ప్లగ్గు పెట్టగానే ఫ్యూజు పోయింది. మళ్లీ వేస్తే మళ్లీ పోయింది. అప్పుడైనా ఆగానా? మిస్త్రీ వేసిన ఫ్యూజు తీగ నాసిరకమని తిట్టుకుని, లావుపాటి రాగితీగ బిగించి కాలేజీకి పోయాను.

మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి వీధిలోకే కాలిన పట్టు కంపు కొట్టింది. తానుల గదిలో కొయ్యపట్టీ లోపలి వైరు కాగి అంటుకుందట. ఒక గోడవైపు సరుకంతా బుగ్గయిపోయింది. మనుషులకేమీ కాలేదు. పొయ్యిని పెరట్లోకి గిరాటేశారు.

నేను మేడమీదికి వెళ్లి నోటుబుక్కు తీశాను. నిరోధం ఇరవై రెండు ఓములు. రెండువందల ఇరవైని దానితో భాగిస్తే పది ఆంపియర్లు. రెండువేల రెండువందల వాట్లు. వేడి సగం కాలేదు, రెట్టింపైంది. నా లెక్క తేలాకే కింద మిస్త్రీని పిలిపించారు. అంటే మెట్లు దిగేటప్పటికి నాకు అంతా తెలుసు. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

బజారు సగం మా కొట్టు ముందే ఉంది. మిస్త్రీ ఇల్లంతా తిరిగి చూసి వచ్చి నిలబడ్డాడు.

"నాసి వైరేసి నా కొట్టు తగలెట్టినావు" అన్నాడు నాన్న.

మిస్త్రీ నా వైపు తిరిగాడు. "బాబూ, పొయ్యి ఎంత తింటాదని నాకు సెప్పినారు?"

"అయిదు ఆంపియర్లు" అన్నాను.

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. తీగ కత్తిరించిన సంగతి మాత్రం దాచేశాను. విన్నవాళ్లు, చదువుకున్న కుర్రాడు సరిగ్గానే చెప్పాడు, వీడే తక్కువ వైరు వేశాడు అని తేల్చేశారు. అతను పనిముట్ల సంచీ తీసుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత బడా బజార్‌లో ఏ ఇల్లూ అతన్ని పిలవలేదు. ఊరే విడిచిపెట్టాడని విని, సిగ్గు లేకుండా కాస్త ఊపిరి పీల్చుకున్నాను.

చాలా ఏళ్లకు పనిమీద అస్కా వెళ్తే చెరకు బండి పక్కన కనిపించాడు. తల నెరిసింది. చేతుల నిండా చెరకాకు గీతలు. కరెంటు పని వదిలేసి కూలికి చెరకు కొడుతున్నానన్నాడు. నేను గుర్తున్నానో లేదో అడక్కుండానే, "ఆ పొయ్యి తీగ కత్తిరించింది నేనే" అనేశాను.

"తెలుసు ఆజ్ఞా" అన్నాడు. "ఆ దినం పొయ్యి పెరట్లో పడీసి ఉంది గదా. అప్పుడు నాను ముట్టుకుంటే ఎవలూ ఏటీ అనలేదు. తీగ సగమే ఉంది."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

అతను చెరకు మోపు బండిలోకి ఎత్తి, చేతులు దులుపుకున్నాడు.

"మీరు సెప్తారని. అందుకే గదా బాబూ, అంతమందిలో మిమ్మల్ని అడిగినాను."