ఏడాకుల గులాబీ

మా అపార్టుమెంటులో నా బాల్కనీ మీద పెద్ద గొడవే నడుస్తోంది. నేను కుండీలకు వేపపిండి వేసిన రోజున పై అంతస్తు వాళ్ళు కిటికీలు మూసేసుకుంటారు. కింది అంతస్తు వాళ్ళు వాట్సాప్ గ్రూపులో "ఎక్కడో ఎలుక చచ్చినట్టుంది, వాచ్‌మన్ చూడాలి" అని పెడతారు. నాకు మాత్రం తడిసిన వేపపిండి వాసన తగిలితే ప్రాణం లేచొస్తుంది. పువ్వుల బొమ్మలు వేసే మనిషిని కాబట్టి ఇంటికి వచ్చిన వాళ్ళందరూ "మీకు ప్రేరణ ఎక్కడినుంచి వస్తుందండీ?" అని అడుగుతారు. మల్లెల పరిమళమనో, గోదావరి మీద వెన్నెలనో చెబుతానని చూస్తారు. వేపపిండి అని చెబుతాను. పోయిన నెల వచ్చిన పత్రికాయన అది బుద్ధిగా రాసుకున్నాడు గానీ, అచ్చులోకి వచ్చేసరికి మల్లెలే అయ్యాయి.

నిన్న ఉదయం చేతినిండా వేపపిండి ఉండగానే ఫోను మోగింది. వచ్చే నెల రాజమండ్రిలో నా బొమ్మల ప్రదర్శన పెడుతున్న అబ్బాయి. "మేడమ్, యాభై బొమ్మలూ రెడీయే కదండీ? కార్డు ప్రెస్సుకి పంపించేశానండి" అన్నాడు. నలభై తొమ్మిది అయ్యాయి. యాభయ్యోది, ఒక తెల్ల గులాబీ, స్టాండు మీద ఉంది. చూసిన వాళ్ళంతా బాగుందన్నారు కూడా. సాయంత్రం చెబుతానన్నాను. ఫోను పెట్టేసి ఆ వాసనలో నిలబడితే మంగాయమ్మ గారు గుర్తొచ్చారు. ఆవిడ మీకు తెలియదు. తెలిసి ఉంటే మీ పెరట్లో మొక్కల గురించి ఈపాటికి నాలుగు చీవాట్లు తిని ఉండేవారు.

కడియం దగ్గర కాలువ గట్టు పక్కన ఆవిడకు గులాబీల నర్సరీ ఉండేది, ఎప్పుడూ వేపపిండి వాసన కొడుతూ. భర్త పోయాక ఒక్కరే నడుపుకొచ్చారు. ఆవిడకు చదువు రాదు, పనివాళ్ళలోనూ చాలామందికి రాదు. మొక్క అమ్మేటప్పుడు దాని మీద పువ్వు ఉండదు గదా. అందుకని ప్రతి మొక్కకూ తీగతో ఒక రేకు బిళ్ళ కట్టి, దాని మీద అది పూసే పువ్వు బొమ్మ వేయించేవారు. పాత బొమ్మలాయన కళ్ళజోడు మార్చాక అన్ని పువ్వులూ క్యాబేజీల్లా వేస్తున్నాడని ఆయన్ను మాన్పించారు. సరిగ్గా అప్పుడే మా నాన్న నాకొక గడువు పెట్టాడు. నాకు పందొమ్మిదేళ్ళు. ఇంటర్ అయిపోయి ఇంటి గోడలన్నీ బొమ్మలతో నింపేస్తున్నాను. "ఏడాది చూస్తాను. నీ బొమ్మలతో ఎవరికైనా పని పడితే సరేసరి, లేదంటే నోరు మూసుకుని టైపు నేర్చుకో" అన్నాడు. టైపు మిషను టకటకలు తలుచుకుంటేనే నాకు జ్వరం వచ్చేది. పరుగెత్తుకెళ్ళి మంగాయమ్మ గారి ముందు నిలబడ్డాను.

మొదటి రోజు నా ప్రతాపం అంతా చూపించి ఒక ఎర్ర గులాబీ వేశాను. రేకుల మడతలు, నీడలు, అంచు మీద జారుతూ ఒక మంచు బొట్టు. ఆ బొట్టుకే గంటన్నర పట్టింది. ఆవిడ బిళ్ళను చెయ్యి చాచినంత దూరం పెట్టి, ఒక కన్ను మూసి చూశారు. తరవాత రెండో కన్ను మూసి చూశారు.

"ఈ నీళ్ళ చుక్కేంటే?"

"మంచు బొట్టండి, పిన్నిగారూ."

"మొక్కతో పాటు అది కూడా ఇవ్వాలా మనం? రేపు కొన్నాయన వచ్చి నా బొట్టేదమ్మా అంటే ఏం చెప్పను? నువ్వెళ్ళి రోజూ పొద్దున్నే ఆళ్ళింట్లో చల్లొస్తావా?"

గంటన్నర పని కిరసనాయిలు గుడ్డతో తుడిచేశాను. ఇంకోసారి పసుపు గులాబీకి ఉన్నవాటికన్నా ఓ పది రేకులు ఎక్కువ వేస్తే, అసలు పువ్వు తెచ్చి నా ముందే ఒక్కో రేకూ తెంపి ఒళ్ళో పోశారు. "నీ బొమ్మకి సరిపోయే పువ్వు నా దగ్గర లేదే. నా పువ్వుకి సరిపోయే బొమ్మ వెయ్యి" అన్నారు. ఇంటికెళ్ళి అమ్మ దగ్గర ఆవిణ్ణి తెగ తిట్టుకున్నాను. కళ అంటే తెలియని మనిషన్నాను. మర్నాడు మళ్ళీ ఏడింటికల్లా అక్కడే ఉన్నాను.

ఆ ఏడాది కొమ్మలు కత్తిరించిన కొన్నాళ్ళకు ఒక పాస్టరు గారు వచ్చారు. పక్క ఊళ్ళో అంతకు ముందేడాదే చర్చి కట్టారు. క్రిస్మస్ నాటికి దాని ముందు యాభై తెల్ల గులాబీలు విచ్చుకుని ఉండాలి. "పోయినేడు ఇంకోచోట తెచ్చామమ్మా. తెలుపని ఇస్తే తలో రంగూ పూశాయి. చర్చి ముందు కాదు, తిరణాల్లో నిలబడ్డట్టుంది" అని వాపోయారు. మంగాయమ్మ గారికి పౌరుషం పొడుచుకొచ్చింది. "నా దగ్గర ఒక్కటి రంగు తేడా వచ్చిందంటే నర్సరీ మూసేస్తానండి" అనేశారు. ఆయన "అంత మాటెందుకమ్మా" అంటున్నా వినలేదు. పది రోజుల్లో వ్యాను పంపుతానని చెప్పి ఆయన వెళ్ళిపోయారు. ఈవిడ నర్సరీ నా మీద వదిలేసి రెండు రోజులకని పిఠాపురం వెళ్ళారు, అమ్మవారి దర్శనానికి.

ఊరికే కూర్చోలేని చేతులు నావి. చూస్తే బిళ్ళలన్నీ ఎండకు వెలిసిపోయి ఉన్నాయి. ఆవిడ తిరిగొచ్చేసరికి అన్నీ కొత్తగా మెరిసిపోతుంటే ఎంత సంబరపడతారో అనుకున్నాను. మూడు వందల మొక్కల మీదున్న మూడు వందల బిళ్ళలూ విప్పేసి, బకెట్లో వేసి, కిరసనాయిలుతో పాత బొమ్మలన్నీ శుభ్రంగా కడిగి, తాడు మీద ఆరేశాను. పాటలు పాడుకుంటూ మరీ చేశాను ఆ పని.

ఆవిడ ప్రసాదం పొట్లం పట్టుకుని వచ్చారు. "ఇందా, కళ్ళకద్దుకుని తిను" అని నా చేతిలో పెట్టి, మొక్కల వైపు తిరిగి ఆగిపోయారు.

"బిళ్ళలేవే?"

"కొత్తవి వేస్తున్నానండి! బాగా వెలిసిపోయాయి కదండీ."

"బాగానే ఉంది. మరి ఏ బిళ్ళ ఏ మొక్కదే?"

నోట్లో ప్రసాదం నోట్లోనే ఉండిపోయింది. మూడు వందల మొక్కలు, ఒక్కదాని మీదా పువ్వు లేదు, మొగ్గ లేదు. అమ్ముడైనవి పోగా మిగిలినవి ఎప్పటికప్పుడు దగ్గరికి జరుపుతారు కాబట్టి ఎరుపూ తెలుపూ పసుపూ అన్నీ కలిసిపోయే ఉన్నాయి. మంగాయమ్మ గారు బోర్లించిన గంప మీద కూలబడ్డారు. "బట్టలు ఉతికి ఆరేసినోళ్ళని చూశాను గానీ, నర్సరీని ఉతికి ఆరేసినోళ్ళని నిన్నే చూడ్డం" అన్నారు. నాకు చెవుల్లో టైపు మిషను మోగడం మొదలైంది.

తిడతారనుకున్నాను, పొమ్మంటారనుకున్నాను. ఆవిడ లేచి, చీర కుచ్చిళ్ళు దోపుకుని, ఒక మొక్క ముందు కూర్చుని నన్నూ కూర్చోమన్నారు. "పువ్వు లేకపోతేనేం, చిగురుంది కదా. ఎర్రగులాబీ చిగురు చూడు, తాంబూలం నమిలిన నోరులా ఉంటది. తెల్లదాని చిగురు లేత పచ్చ. ముల్లు చూడు, ఈనె చూడు. నాకు కళ్ళల్లో శుక్లాలు దిగుతున్నాయి. దగ్గరవి మసగ్గా ఉంటున్నాయి. నువ్వు చూసి చెప్పు." ఆ మాట ఆవిడ అంతకుముందు ఎవరికీ చెప్పలేదని నాకు తరవాత తెలిసింది. బిళ్ళల్ని రెండు కళ్ళూ మార్చి మార్చి ఎందుకు చూసేవారో మాత్రం అప్పుడే అర్థమైంది.

వారం రోజులు మొక్క మొక్క ముందూ చతికిలబడి చిగుళ్ళు గీశాను. అంతవరకూ నాకు ఆకంటే పువ్వు కింద ఖాళీ లేకుండా నింపే పచ్చరంగు. అప్పుడు చూస్తే ఏ రెండు మొక్కల ఆకూ ఒకలా లేదు. ఒకటి నూనె రాసినట్టుంది, ఒకటి గరుకుగా ఉంది, ఒకదాని అంచు రంపంలా ఉంది. వ్యాను వచ్చే పొద్దుటికి నలభై తొమ్మిది తెల్లవి తేలాయి. డ్రైవరు హారను కొడుతున్నాడు. యాభయ్యో మొక్క చిగురు పచ్చగానే ఉంది గానీ, అంచున వెంట్రుకంత ఎర్ర గీత కనబడింది. కనబడిందని నాకు తెలుసు. ఎండకేమోలే అని నాకు నేనే సర్దిచెప్పుకుని, ఆ మొక్క ఎత్తి వ్యానులో పెట్టాను.

"అన్నీ చూశావా?" అని అడిగారు మంగాయమ్మ గారు.

"ఆయ్, చూశానండి" అన్నాను.

క్రిస్మస్‌కి పాస్టరు గారు మమ్మల్నిద్దర్నీ పిలిచారు. ఆవిడ పట్టుచీర కట్టారు. చర్చి గేటు దాటాం. నలభై తొమ్మిది మొక్కలు పాలు పొంగినట్టు తెల్లగా విరబూసి ఉన్నాయి. సరిగ్గా గుమ్మం ఎదురుగా, అన్నిటికన్నా ఏపుగా, అన్నిటికన్నా పెద్ద పువ్వుతో, ఒక్కటి ఎర్రగా నిలబడి ఉంది. మసక కళ్ళకైనా అది కనబడకుండా ఉండదు. లోపల పాస్టరు గారు వాక్యం చెబుతున్నారు. "ఈ తెల్లని పువ్వుల మధ్య ఆ ఒక్క ఎర్రని పువ్వును చూశారా ప్రియులారా! మన పాపాల కోసం చిందిన రక్తానికి గుర్తుగా, మన మంగాయమ్మ గారు ఎంత ఆలోచించి దాన్ని నాటించారో!" జనమంతా వెనక్కి తిరిగి మమ్మల్ని చూశారు. ఇద్దరు ముసలమ్మలు కళ్ళు ఒత్తుకున్నారు. హమ్మయ్య, గండం గడిచిందనుకున్నాను.

బయటికి రాగానే మంగాయమ్మ గారు ఆయనకు దండం పెట్టి, "ఆలోచన కాదండి, పొరపాటండి. రేపొచ్చి మార్చేస్తాను" అన్నారు.

పాస్టరు గారి మొహం పాలిపోయింది. "వద్దమ్మా! వాక్యం చెప్పేశాను గదా!"

"చెప్పినా అది పొరపాటేనండి. తేడా వస్తే మూసేస్తానన్నాను కూడా."

"ఆ మాట నేను వినలేదనుకోండి. ఇప్పుడా మొక్క పీకితే సంఘం నన్ను పీకేస్తుందమ్మా" అని ఆయన బతిమాలుకుంటే, ఎర్రదాన్ని ఉండనిచ్చి, దాని పక్కన ఇంకో తెల్లది నాటి లెక్క సరిచేయడానికి ఒప్పుకున్నారు.

తిరుగు బస్సు ఎక్కాం. ఆవిడ మెల్లిగా అడిగారు. "గీత కనపడలేదా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. "కనపడిందండి. యాభై నిండాలని..."

"నా కళ్ళు సరిగ్గా కనపడవనే కదే నిన్ను పెట్టుకున్నాను" అన్నారు. అంతే. తిట్టలేదు. ఆవిడ తిట్టనందుకే నేను బస్సంతా వినపడేలా ఏడ్చాను. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. కండక్టరు కూడా కంగారుపడ్డాడు. "ఊరుకోవే తల్లీ, పాస్టరు గారికి తెలిస్తే దీన్ని కూడా వాక్యంలో కలిపేస్తారు" అని మంగాయమ్మ గారే చీర చెంగు నా చేతికిచ్చారు.

మర్నాడు పనికి వెళితే నా చేతిలో బిళ్ళ లేని గులాబీ మొక్క ఒకటి పెట్టారు. "ఇదేం రంగో తేలలేదు. ఇంటికి పట్టుకెళ్ళి పెంచు. పూశాక పువ్వు చూసి బొమ్మ వేసి పట్రా. అప్పటిదాకా రోజుకో ఆకు గియ్యి." అలా ఉద్యోగం నిలబడింది, టైపు తప్పింది. నేను రోజుకో ఆకు గీశాను. మొక్క మాత్రం పూయలేదు. వేపపిండి వేశాను, చేపలు కడిగిన నీళ్ళు పోశాను, దండం పెట్టాను, తిట్టాను. అది పందిరి దాటి పాకి మా నాన్న లుంగీలు రెండు చించింది గానీ, ఒక్క మొగ్గ వేస్తే ఒట్టు. మూడేళ్ళలో ఎనిమిది పుస్తకాలు నిండాయి. అవి పట్టుకునే బొమ్మల కాలేజీకి వెళ్ళాను. "పువ్వుల బొమ్మలంటున్నావు, ఒక్క పువ్వూ లేదేంటమ్మా?" అని అడిగారు అక్కడి మాస్టారు. "పుయ్యలేదండి" అన్నాను. ఆయన నవ్వి, పుస్తకాలన్నీ చివరిదాకా తిప్పి చూసి సీటిచ్చారు.

ఆ కబురు చెప్పి, మొక్క ఇంకా పూయలేదని బెంగపడితే మంగాయమ్మ గారు తాపీగా అన్నారు. "అది పుయ్యదే. పైన కట్టిన అంటు ఎప్పుడో చచ్చిపోయింది. పెరిగేది అడుగునున్న అడవి మొక్క. అంటు మొక్కకి ఈనెకి అయిదాకులు, దానికి ఏడు. లెక్కపెట్టలేదా?"

పుస్తకాలు తెరిచి చూశాను. మొదటి పేజీ నుంచి ప్రతి ఈనెకూ ఏడాకులు, ఒక్కటి తప్పకుండా నా చేత్తోనే గీసి ఉన్నాయి. "ముందే తెలిసీ ఇచ్చారా పిన్నిగారూ!" అని గొడవపడ్డాను.

"పువ్వు పూసుంటే ఆకు మొహం చూసేదానివా?" అన్నారు.

ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. ఆ మొక్క కొమ్మే ఇప్పుడు నా బాల్కనీలో ఉంది, అపార్టుమెంటు వాళ్ళు తిట్టుకునే వేపపిండి దానికే. నిన్నంతా దాని పక్కన కూర్చుని స్టాండు మీది తెల్ల గులాబీని చూశాను. బాగానే ఉంది. కాకపోతే ఆ పువ్వును నేను ఎదురుగా పెట్టుకుని వేయలేదు. యాభై నిండాలని, చేతి అలవాటు మీద వేసేశాను. ఆ సంగతి ఎవరికీ తెలియదు, నాకు తప్ప. సాయంత్రం దాన్ని దించి గోడ వైపు తిప్పి పెట్టి, ఆ అబ్బాయికి ఫోను చేసి నలభై తొమ్మిదేనని చెప్పాను.

"అయ్యో, కార్డులో యాభై అని అచ్చయిపోయిందండి మేడమ్! ఇంట్లో ఇంకోటి ఎక్కడైనా ఉందేమోనండి, అన్నీ చూశారా?"

"ఆయ్, చూశానండి" అన్నాను.