గేటు కింది చక్రాలు

మా ఇంటి గేటుకు, నేలకు మధ్య జానెడు సందు ఉంటుంది. గేటు చేసినాయన కొలత తప్పాడు, బాపు మళ్లీ చేయించలేదు. అమ్మ అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతుంటే ఆ సందులోంచి బజారు కనిపిస్తుంది. బజారంటే కాళ్లు, కుక్కలు, చక్రాలు. మనుషులను ఆమె చెప్పులతో గుర్తుపడుతుంది. బాపును మాత్రం కారు చక్రాలతో. కంపెనీ నుంచి వచ్చిన ఐదు రేకల వెండిరంగు అల్లాయ్ చక్రం గేటు ముందు ఆగిందంటే, చాట పక్కన పెట్టి అన్నం పెట్టడానికి లేచేది. ఏండ్ల తరబడి ఇదే.

బాపు పోయింది కూడా ఆ కారులోనే. ఛాతిల నొప్పి అంటే నిజామాబాద్ దవాఖానకు బయలుదేరాం. నేను నడుపుతున్నాను, వెనక సీట్లో అమ్మ ఒళ్లో ఆయన తల. దవాఖానలో డాక్టర్ చెయ్యి పట్టి చూసి, "తొవ్వలనే అయిపోయింది" అన్నాడు. నేను ఏడవలేదు. దాని మీద బంధువుల్లో పెద్ద చర్చ నడిచింది. మా మేనత్త నా ముందు కూర్చుని ఎట్లా ఏడవాలో గంటసేపు చేసి చూపించింది. అయిపోయాక చాయ్ పోసిచ్చాను.

తర్వాత ఎరువుల దుకాణానికి నేనే ఆ కారులో పోయి రావడం మొదలైంది. రోజూ గేటు తీసేసరికి అమ్మ ఒక చెయ్యి నేల మీద ఆనించి సగం లేచి ఉండేది. నన్ను చూసి మళ్లీ కూర్చునేది. మొదట మోకాళ్ల నొప్పులనుకున్నాను. నాలుగో రోజు అర్థమైంది. ఆమె లేస్తున్నది నా కోసం కాదు.

ఈలోపు ఆమె కంట్లో శుక్లం ముదిరింది. ఆపరేషన్‌కు మళ్లీ నిజామాబాదే.

"గా కారు నేనెక్క. బస్సుకు పోత" అంది.

"కంటికి పట్టీ కట్టుకొని బస్సుల నిలబడి వస్తవా?"

"కండక్టర్ సీటిస్తడు."

"ఆడోళ్లకు టికెట్ తీసేసినప్పటి సంది కండక్టర్‌కే సీటు లేదు."

ఆమె నవ్వలేదు. ఆకు కత్తిరించుకుంటూ కూర్చుంది.

అమ్మ ఎక్కాలంటే కారు వేరే కారులా కనబడాలి. ఒంటి రంగు మార్చాలంటే ఆర్‌టీవో ఆఫీసులో కాగితాలు మార్చాలి. చక్రాలకు కాగితాల్లేవు. పైగా అమ్మకు కారంటే చక్రాలే. వాటికి నల్లరంగు కొడతావా అని బీర్కూర్ రోడ్డులో ట్రాక్టర్లకు రంగులేసే అన్నను అడిగాను.

"చక్రం నల్లగనా? టైరే నల్లగుండె కదనే! నారింజ కొడ్త. రెండు తామర పూలు ఫ్రీ."

దండం పెట్టి, స్ప్రే డబ్బాలు కొనుక్కుని ఇంటికొచ్చాను. వాకిట్లో సర్ఫ్ నీళ్లతో చక్రాలు కడిగాను, గీతలు పోయేదాకా గరుకు వాటర్ పేపర్‌తో రుద్దాను. ఆదివారం సగం అక్కడే పోయింది. ఏమీ ఆలోచించక్కర్లేని పని. ఆ రోజుల్లో నాకు బాగా వచ్చిన విద్య అదొక్కటే.

టైరు మీద రంగు పడకుండా దానికీ రిమ్ముకూ మధ్య సందులో గట్టి కార్డులు చుట్టూ గుచ్చాలని ఫోన్లో వీడియో చెప్పింది. వీడియోలో అతనివి తెల్ల కార్డులు. మా ఇంట్లో గట్టి కార్డులంటే బాపు దశదినకర్మవి. బంధువుల సంఖ్యను మేం కొంచెం ఎక్కువ అంచనా వేసుకున్నాం, అల్మారాలో కట్టలకు కట్టలు మిగిలాయి. తెచ్చి వరుసగా గుచ్చాను. ఒక చక్రానికి స్ప్రే కొట్టి, లేచి రెండడుగులు వెనక్కి జరిగాక చూశాను. చక్రం చుట్టూ బాపు. ముప్పైమంది బాపులు, ఎవరిదో పెళ్లిలో తీసిన ఫొటోలో, సగం మొహాలకు నల్లరంగుతో నవ్వుతున్నారు. కార్డులు తిప్పి గుచ్చొచ్చని అప్పుడు తట్టింది.

వెనక అమ్మ నిలబడి ఉంది. సరిగ్గా అప్పుడే గోడ మీదుగా పక్కింటి ఆంటీ తొంగిచూసింది. వాళ్లది కాలువ నీళ్లకు కోస్తా నుంచి వచ్చి పొలాలు కొన్న కుటుంబం. ఇక్కడి పద్ధతులన్నీ ఆమెకు ఇప్పటికీ అనుమానమే.

"ఇదేం కార్యమండీ? ఎన్నో నెల్లో చేస్తారు మీవాళ్లు?"

జోకులేసేవాడికి అట్లాంటి అవకాశం జన్మకొకసారి వస్తుంది, పోగొట్టుకున్నాను.

"నాలుగో నెలల అక్కా" అంది అమ్మ. "బండి ఉన్నోళ్లే చేస్తరు."

"అవునా! మావైపు లేదండీ" అని ఆమె చక్రానికి దండం పెట్టి లోపలికి పోయింది.

అమ్మ వంగి ఒక కార్డు పీకి, కొంగుతో రంగు తుడవబోయింది. అది ఇంకా అలుక్కుంది. "ఇంట్ల ఎన్నడన్న గిట్ల నవ్విండా?" అని, మళ్లీ అదే సందులో గుచ్చింది. "కానియ్యి. ఇంక మూడున్నయి."

మిగిలిన మూడింటికి కార్డులు తిప్పి గుచ్చాను.

రంగు ఆరాక మర్నాడు దుకాణానికి పోయొచ్చాను. గేటు తీశాను. అమ్మ దారం చుట్టి తెంపి, ఇంకో ఆకు తీసుకుంది. లేవలేదు. నాక్కావలసింది అదే. సంతోషమేమీ కలగలేదు. ఆ రోజు నుంచి మా గేటు ముందు బాపు ఆగడం మానేశాడు, మాన్పించింది నేను, నాలుగు డబ్బాల రంగుతో.

ఆపరేషన్ రోజు పొద్దున తనే వచ్చి కారు తలుపు తీసింది. వెనక కాదు, ముందు కూర్చుంది. సంచీ ఒళ్లో పెట్టుకుంది. రుద్రూర్ దాటాక అంది:

"ఆనాడు గీడనే పోయిండు మీ బాపు. నువ్వు బండి నడుపుతున్నవని చెప్పలే."

"తెలుసు. అద్దంల చూసిన. బాపు తల వాలిపాయె."

"మరి ఆపకపోతివి?"

"నీకు తెల్వదనుకున్న."

ఆమె నా వైపు తిరిగింది. "జల్ది పో, జల్ది పో అని నిజామాబాద్ దాక మొత్తుకుంటి గద."

"నేను గూడ హారన్ మీదికెల్లి చెయ్యి తియ్యలే."

లారీల వాళ్లు పక్కకు జరిగి దారిచ్చారు ఆ రోజు. ఒకతను చెయ్యి కూడా ఊపాడు. అదంతా ఎవరి కోసమో లెక్కతేల్చడానికి ఇద్దరం ప్రయత్నించలేదు. కళ్లు మండాయి. ఏసీ గాలి నేరుగా మొహానికి కొడుతోందని దాన్ని పక్కకు తిప్పాను.

బోధన్ వచ్చాక, "చాయ్ తాగుదామా?" అంది.

"ఆపరేషన్ అయ్యేదాక ఏం తాగొద్దన్నరు."

"అయితే నువ్వు తాగిరా పో" అంది సీటు వెనక్కి వాలుతూ. "నేను బండిల కూసుంట."