చదువు గొర్రె

మా మేనమామ కలలోకొస్తే, ముందు దుమ్ములో ఒక ఎర్రటి మచ్చ కదులుతుంది. మందలో నా చదువుకని విడిచిన గొర్రె వీపుకు ఆయన పూసిన రంగు అది. దాని పిల్లల్ని ప్రొద్దుటూరు సంతలో అమ్మి నా ఎకనామిక్స్ పీహెచ్‌డీ ఫీజు కట్టేవాడు. అమ్మేముందు కళ్లు మూసుకుని ఒక్కోదాని నుదురు వాసన చూసేవాడు.

డాక్టరేట్ వచ్చాక మామ ఉండే జమ్మలమడుగు వెళ్లాను. ఇక ఈనలేని ఆ ముసలి గొర్రెకు మామ మళ్లీ రంగు పూస్తున్నాడు.

"సదువు అయిపాయ గదా మామా, ఇంగ రంగెందుకు?"

"నీది అయిపాయలే పాపా. రంగు పోతే యాపారోళ్లు దీన్ని బేరానికి అడుగుతారు. సచ్చేదాంక ఈడే మేయనీ."

కళ్లు మూసుకుని దాని నుదుటికి ముక్కు ఆనించాను. అచ్చం మామ చొక్కా వాసన.