టేబుల్ మీద వదిలేసిన ఫోను

టెక్సాస్‌లో ఉండే మా బావమరిది రెండు చిన్న పిస్టళ్ల ఫొటోలు పంపి, వెంటనే వీడియో కాల్ చేశాడు. “ఎండాకాలం పల్చటి టీషర్టు కింద ఏది కనబడదు బావా? ఉక్కపోత సంగతి నీకే తెలియాలి.”

నేను అప్పుడే ఆఫీసు నుంచి సింగపూర్‌లో మా ఇంటి దగ్గర జురాంగ్ వెస్ట్ హాకర్ సెంటర్‌కి, అంటే తిండి దుకాణాల సముదాయానికి, కాళ్లీడ్చుకుంటూ వచ్చాను. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. “నాకిక్కడ జేబులో రుమాలున్నా తెలిసిపోతోంది. నువ్వు పిస్టల్ ఎక్కడ దాస్తావురా?” అని విసుక్కున్నాను.

వాడు ఆపలేదు. ఆకలికి తాళలేక, ఇక్కడందరూ చేసినట్టే, సీటు ఇంకెవరూ తీసుకోకుండా ఫోన్‌ని టేబుల్ మీద పెట్టి, ఇక్కడి మాటలో ‘చోప్’ చేసి, అన్నం కోసం లైన్లో నిలబడ్డాను.

తిరిగొచ్చేసరికి ఫోన్ అక్కడే ఉంది. అందులోంచి వాడు గొంతు చించుకుంటున్నాడు. “ఫోన్ అలా వదిలేసి పోతావేంటి బావా? ఎవడైనా ఎత్తుకుపోతే?”

తెర మీద చూస్తే, టెక్సాస్‌లో ఏసీ గదిలో కూర్చున్నవాడికి ముఖమంతా చెమటలు పట్టాయి.