నంబరమ్మ వేసిన కుట్టు

దేశం తరఫున ఆడే అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టుకి చొక్కాల వెనక అంకెలు కుట్టేది కాబట్టి ఆమెను అందరూ నంబరమ్మ అనేవారు. అసలు పేరు హాజరు పట్టీకెక్కి అక్కడే ఉండిపోయింది. స్టేడియం మెట్ల కింద చిన్న గది, ఒక కుట్టు మిషను, కిటికీ అవతల తీగ మీద ఆరేసిన ఇరవై మూడు చొక్కాలు. గాలి వీస్తే అవి ఉబ్బి, మనుషులు లేకుండానే ఆడుకుంటున్నట్టు ఉండేవి. తొమ్మిదో నంబరు కూతురిది. మిషను తొక్కుతూనే నంబరమ్మ ఆ చొక్కాని సముద్రాలు దాటించి, వేలమంది చప్పట్ల మధ్య నిలబెట్టి వచ్చేది. ఎవరైనా పిలిస్తే ఉలిక్కిపడి, దారం తెగిందని నెపం మిషను మీదికి నెట్టేది.

పెద్ద టోర్నీ నాలుగేళ్ళకొకసారి. కూతురికి ముప్పై రెండు నిండాయి, మోకాలు ఇంకో నాలుగేళ్ళు ఆగనని ఎప్పుడో చెప్పేసింది. వెళ్తే ఇప్పుడే వెళ్ళాలి.

అర్హత లెక్క నంబరమ్మకు కంఠతా వచ్చు. ప్రతి గ్రూపులో మొదటి జట్టు నేరుగా వెళ్తుంది. రెండో స్థానంలో నిలిచిన జట్లన్నిటిలోకీ మెరుగైనది ఒక్కటే వెళ్తుంది. మనవాళ్ళు రెండో స్థానంలో ఆగారు. ఇక మిగిలింది ఎక్కడో పరాయి ఊళ్ళో, వేరే గ్రూపువాళ్ళ ఆఖరి ఆట.

ఆ మధ్యాహ్నం జట్టంతా కుట్టుగదిలో రేడియో చుట్టూ మూగింది. ఆట ముగిసేసరికి ఆ గ్రూపు రెండో జట్టుకీ మనకీ పాయింట్లు సమం. వేసిన గోల్స్ సమం, ఇచ్చిన గోల్స్ సమం. అప్పుడిక చూసేది తప్పు చేసినప్పుడు రిఫరీ హెచ్చరికగా చూపిన పసుపు కార్డులే. తక్కువున్నవాళ్ళు వెళ్తారు, అవీ సమమైతే ర్యాంకులో పైనున్న మనమే. కోచ్ కాగితం తీసి రెండుసార్లు చూసుకుంది. వాళ్ళకి ఐదు, మనకి ఆరు.

నంబరమ్మ చూపు తొమ్మిదో నంబరు చొక్కా మీదికి వెళ్ళింది. మూడో ఆటలో ఎవరో పట్టి లాగితే కూతురి వీపు మీద అంకె ఊడి వేలాడింది. కుట్టించుకు రమ్మని రిఫరీ బయటికి పంపింది. నంబరమ్మ చొక్కా ఒంటి మీద ఉండగానే నాలుగు కుట్లు వేసి, దారం పంటితో కొరికి, రిఫరీ సైగ చేసేదాకా ఆగాలన్న సంగతే మరిచి, కూతుర్ని మైదానంలోకి తోసేసింది. ఆ ఆరో కార్డు అలా వచ్చిందే.

ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు. తల్లీ కూతురూ మిగిలారు. నంబరమ్మ తొమ్మిదో నంబరు చొక్కా ఒళ్ళో వేసుకుని, కత్తెరతో ఆ నాలుగు కుట్లూ విప్పబోయింది.

"నా చేతులారా చేశానే తల్లీ. నేను తోయకపోతే నువ్వు వెళ్ళేదానివి," అంది.

కూతురు ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"చిన్నప్పట్నుంచీ నన్ను ఆటలోకి తోసింది నువ్వే కదమ్మా. నాన్న వద్దన్నా తోశావు, బళ్ళో అందరూ నవ్వినా తోశావు. ఈ ఒక్కసారే రిఫరీ చూసింది."