వాసన లేని బండి

ఊళ్లు తిరగడానికని పాత వ్యాను కొన్నాక దాన్ని ఇల్లులా మార్చే పని మా ఆయన తీసుకున్నారు. పెరంబూరులో రైలు పెట్టెలు తయారయ్యే చోట ఆయన ఉద్యోగం. గోడలకు ప్లైవుడ్, దాని మీద మెరిసే షీటు, పరుపుకు రెక్సిను వేస్తే చాలని ఆయన లెక్క. తడిగుడ్డతో తుడిస్తే శుభ్రమైపోతుంది. నా దిగులంతా మూడేళ్ల పాప గురించి. ఇంట్లోకి కొత్త బీరువా వచ్చిన వారమంతా ఆ రంగు వాసనకి పాపకు ఛాతీలో పిల్లికూతలతో నిద్ర లేదు. అంత చిన్న బండిలో తలుపులు మూసుకుని పడుకుంటే ఏమవుతుందోనని భయం.

అందుకే వాడబోయే ప్రతిదాంట్లోంచి ఒక ముక్క స్టీలు డబ్బాలో వేసి, మూత పెట్టి, మేడ మీద ఎండలో ఉంచేదాన్ని. సాయంత్రం తెరిచి వాసన చూసేదాన్ని. ప్లైవుడ్ డబ్బా తెరవగానే కళ్లు మండాయి. చివరికి కూల్చిన ఇళ్ల నుంచి వచ్చిన పాత టేకు పలకలు, జిగురు బదులు స్క్రూలు, దూది పరుపు, తుంగచాప ఖాయం చేశాను. "ఇది మనం ఉండే బండా, మ్యూజియంలో పెట్టేదా?" అన్నారు ఆయన. అన్నారే గాని, పలకలన్నీ తానే చిత్రిక పట్టారు.

బయలుదేరాల్సిన రోజు పొద్దున కిందికి దిగేసరికి వ్యాను కిటికీల్లోంచి తెల్లగా పొగ వస్తోంది. లోపల మా అత్తమ్మ, చేతిలో సాంబ్రాణి ధూపం.

"ఏంది అత్తమ్మా ఇది? పాపకి పొగ పడదు కదా."

"కొత్త ఇల్లు మాదిరే కదమ్మా. ధూపం ఎయ్యకుండా బిడ్డని ఈడ ఎట్ట పండబెడతావు?"

"మేం ఎన్ని రైలు పెట్టెలు పంపించినాం, ఒక్కదానికన్నా నువ్వొచ్చి ధూపం ఏసినావామ్మా?" అన్నారు మా ఆయన.

"వాటిల్లో నా మనవరాలు పండుకునిందా?"

ధూపం బయట పెట్టించి తలుపులన్నీ తెరిచాం. ప్రయాణం మర్నాటికి వాయిదా పడింది. అత్తమ్మ ధూపం గిన్నె కడిగి బోర్లించి, విసురుగా పైకి వెళ్లిపోయారు. దీపాలు పెట్టాక దిండు చంకన పెట్టుకుని వచ్చారు.

"ఈ పొద్దు నేను ఆ బండిలో పండుకుంటా. నాకు దగ్గొస్తే బిడ్డని ఎక్కించొద్దు."

పొద్దున దిగి వచ్చి, దగ్గు రాలేదని చెప్పారు. చాప మాత్రం గరుకన్నారు. అయినా నేను లోపలికి వెళ్లి, తలుపు మూసుకుని కాసేపు కూర్చున్నాను. చెక్క వాసన, చాప వాసన. ఇంకేమీ లేదు. అప్పుడు పాపను ఎక్కించాం.

ఇది ఆ బండిలోనే, సముద్రం పక్కన ఆగి రాస్తున్నాను. పాప నిద్రపోతోంది. మధ్యమధ్య పెన్ను ఆపి, దాని ఊపిరి వింటున్నాను.