నైరుతి కిటికీ

ఎండలొస్తే చెక్క బిగువు వదిలి కిటికీ దానంతటదే తెరుచుకుంటుందని పోయిన వానాకాలంలో చెప్పిన వడ్రంగిని శౌరమ్మ పొద్దుటి నుంచి తిడుతూనే ఉంది. మే నెల వచ్చింది. భవానీపురం సందుల్లో మధ్యాహ్నం కుక్క కూడా తిరగడం లేదు. కిటికీ మాత్రం గోడలో కలిసిపోయినట్టు అలాగే ఉంది.

కింది వాటాలో రెండు గదులు. వెనక గదిలో సంజీవరావు మంచం, దాని తలవైపు ఆ ఒక్క కిటికీ. సంజీవరావు ఆటోనగర్లో లారీలకీ కార్లకీ రంగులు కొట్టి కొట్టి, ముక్కుకి జేబురుమాలు తప్ప మరేదీ కట్టుకోక ఊపిరితిత్తులు పాడు చేసుకున్నాడు. గదిలో గాలి ఆడాలని డాక్టరు మరీ మరీ చెప్పాడు. ఆ గదిలో ఆడేదల్లా ఫ్యాను. అది ఉన్న వేడినే తిప్పి తిప్పి కొడుతోంది. ఆయన వెల్లకిలా పడుకోలేడు. గోడకి దిండు ఆనించుకుని కూర్చునే కునుకు తీస్తాడు. ఈ ఎండల్లో అదీ కరువైంది.

శౌరమ్మ కోపిష్టి. ఆ సంగతి ఆవిడే ఒప్పుకుంటుంది. పామర్రు అవతల ఊళ్ళో నాట్లు వేసే వయసులోనే, పొద్దుగుంకినా మేస్త్రీ పని ఆపకపోతే అందరికంటే ముందు గట్టెక్కి కాళ్ళు కడుక్కునేది. ఇప్పుడు కాన్పుల ఆసుపత్రిలో ఆయా. బాలింత మంచం చుట్టూ మూగి, పసిగుడ్డు మొహంలో ఫోను పెట్టే బంధువుల్ని చీపురు తిరగేసి తరుముతుంది. పెద్ద డాక్టరమ్మ చూసీ చూడనట్టు పోతుంది. రేషను కార్డు వచ్చినా, వీధి కుళాయికి నీళ్ళు వచ్చినా ఆ కోపం వల్లే. ఈ కిటికీ ఒక్కటే దానికి లొంగలేదు.

అంచులకి కొవ్వొత్తి రుద్దింది. బందుల్లో కిరసనాయిలు పోసింది. రోకలి పెట్టి కుమ్మింది. ఇద్దరు వడ్రంగులు వచ్చి, సందులో రంపం బ్లేడు తిప్పి, మూలల్లో ఉబ్బిందని చెప్పి పోయారు. వడ్రంగి వచ్చినప్పుడల్లా సంజీవరావు టీ తాగొస్తానని బయటికి పోయేవాడు. దుమ్ము పడక వెళ్తున్నాడనుకుంది.

ఇవాళ వచ్చిన వడ్రంగి మేస్త్రీ బంగార్రాజు. ఇవాళ సంజీవరావు టీకి పోలేదు. సందు దాటే ఓపిక లేదు.

బంగార్రాజు బ్లేడు దూర్చి చుట్టూ తిప్పాడు. మళ్ళీ తిప్పాడు.

"అక్కా, ఇది ఉబ్బు కాదు. ఉబ్బితే నిలువునా పట్టుద్ది. ఇది నాలుగు మూలల్లోనే ఆగుతోంది. ఎవరో మరలు బిగించారు."

"ఎవరో ఏంటి, పైన ఉన్నాడుగా పెద్దమనిషి!" శౌరమ్మ కొంగు బిగించింది. "అద్దె తీసుకునేటప్పుడు నోరారా నవ్వుతాడు. తియ్యి, ఆ మర ఒకటి బయటికి తియ్యి. పట్టుకెళ్ళి ఆయన చేతిలో పెడతా."

బంగార్రాజు ఉలి మొనతో మూల గీరాడు. రంగు పెచ్చు లేచింది. దాని కింద గట్టిగా, నున్నగా బూడిద రంగు.

"ఇది మేం వాడే లప్పం కాదే," అన్నాడు. "చెక్కపని చేసేవాడెవడూ ఇది పెట్టడు."

రాలిన పొడిని శౌరమ్మ వేలితో అద్దుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. పెళ్ళయిన నాటి నుంచీ ఆ పొడిని చొక్కాల మీద చూసింది, చాకిరేవు బండ మీద చూసింది, ఆయన గోళ్ళ సందుల్లో చూసింది. సొట్టపోయిన కారు తలుపుని నున్నగా చేసే పుట్టీ అది.

మంచం వైపు తిరిగింది. సంజీవరావు కాళ్ళ వంక చూసుకుంటున్నాడు.

"ఏంటయ్యా ఇది?"

"మేస్త్రీ పోయాక మాట్లాడుకుందాం శౌరీ."

"మేస్త్రీ ముందే చెప్పు. ఈ పనివాళ్ళని నాతో తిట్టించింది నువ్వేగా. నీ మూలాన ఇద్దరు వడ్రంగుల్ని నోటికొచ్చినట్టు తిట్టా."

సంజీవరావు ఒక్కో మాటా కూడదీసుకుంటూ చెప్పాడు. పై వాటాలో ఉండే ఓనరు వెంకటకృష్ణారావుకి ఆటోనగర్లో లారీ సామాన్ల షాపు. ఆయన లారీలకి సంజీవరావే రంగు కొట్టేవాడు. నైరుతి కిటికీ తెరిచి ఉంటే షాపులో డబ్బు నిలవదని వాస్తు చూసినాయన చెప్పాడట. దాన్ని తెరవనంటేనే ఇల్లిస్తానన్నాడు ఓనరు.

"నువ్వు సరేనన్నావ్."

"ఏం చెయ్యమంటావ్? ఎన్ని ఇళ్ళు తిరిగాం? గేటు దగ్గర దగ్గితే చాలు, నిన్ననే ఇచ్చేశామండీ అనేవాళ్ళు. ఈయనొక్కడే నీ దగ్గుతో నాకేం పని అన్నాడు."

"మరలు బిగించింది ఎవరు?"

"నేనే. సామాను దింపకముందు."

"పుట్టీ ఎందుకు పెట్టావ్? ఎవరికి కనపడకూడదని?"

సంజీవరావు తలెత్తాడు. "నీకే. మర కనపడితే నువ్వు ఊరుకుంటావా? ఆ రోజే పెరికేస్తావ్. మళ్ళీ రోడ్డు మీద పడతాం." ఆ ఆయాసంలోనే, ఉండబట్టలేక అన్నాడు. "ఫినిషింగు మాత్రం బాగా కుదిరింది. ముందొచ్చిన ఇద్దరికీ దొరకలా."

బంగార్రాజు మొహం పక్కకి తిప్పుకున్నాడు. నవ్వాపుకున్నాడని శౌరమ్మకి తెలిసింది. అది ఆవిడ ఒంటికి నిప్పు పెట్టింది.

"ఫినిషింగా! ఊపిరాడక పిల్లి కూనలా మూలుగుతుంటే నీ వీపు రాసింది ఎవరు? చేతులు పడిపోయేట్టు విసనకర్ర విసిరింది ఎవరు? అంతా చూస్తూ, నాలుగు మరలు పక్కన పెట్టుకుని కూర్చున్నావా? నేను కొవ్వొత్తి రుద్దుతుంటే ఇంకొంచెం రుద్దమన్నావు గదయ్యా! నోట్లో నాలిక లేదా?"

"నీ కోపానికి భయపడి..."

"నా కోపానికి భయపడి చస్తావా? చావడానికి మాత్రం భయం లేదు, పెళ్ళానికి చెప్పడానికి భయం!"

ఈలోపు బంగార్రాజు నాలుగు మూలల్లోనూ పుట్టీ కొట్టేశాడు. ఉలి మీద ఆ సుత్తి దెబ్బలు పైకి వినపడినట్టున్నాయి. వెంకటకృష్ణారావు లుంగీ సర్దుకుంటూ మెట్లు దిగి వచ్చాడు. గుమ్మంలోంచే కిటికీ వంక చూశాడు.

"ఏం సంజీవరావ్, మనం ఏమనుకున్నాం?"

సంజీవరావు లేవబోయాడు. శౌరమ్మ ఆయన భుజం మీద చెయ్యేసి కూలేసింది.

"ఆయన్ని అడుగుతారేంటండీ? ఆయనకి మాట్లాడే ఊపిరుంటేగా. నన్నడగండి."

"అమ్మా, నేనేం బలవంతం చెయ్యలేదు. ఆయన ఇష్టపడే చేశాడు. పైన మా గదిలో కూడా ఆ మూల కిటికీ మూసే ఉంది, తెలుసా?"

"మీకు పైన ఏసీ ఉందండి."

"నమ్మకం అమ్మా ఇది. మీ నమ్మకాలకి నేనెప్పుడైనా అడ్డొచ్చానా? ఆదివారం ఏసు పాటలు పెట్టుకుంటారు, ఏమన్నా అన్నానా?"

"మీ షాపులో డబ్బు నిలవటానికి మా ఇంట్లో మనిషి నిలవక్కర్లేదా? మేస్త్రీ, నువ్వు కానీ."

"బంగార్రాజూ, ఆపు," అన్నాడు వెంకటకృష్ణారావు.

బంగార్రాజు స్క్రూడ్రైవరు గాల్లోనే పట్టుకుని ఇద్దరి వంకా చూశాడు. భవానీపురంలో సగం ఇళ్ళ పని అతనిదే. ఓనర్లతో చెడితే కష్టం. "నన్ను మధ్యలో పెట్టకండి బాబూ," అని స్క్రూడ్రైవరు మంచం మీద పెట్టి చేతులు దులుపుకున్నాడు.

శౌరమ్మ దాన్ని అందుకుంది. మంచం ఎక్కి నిలబడింది. పై మర మొండికేసింది. రెండు చేతులతో పట్టుకుని, పళ్ళు బిగించి తిప్పింది. వెనక నుంచి వెంకటకృష్ణారావు, అది తెరిస్తే ఒకటో తారీఖుకి ఖాళీ చెయ్యాల్సి ఉంటుందన్నాడు. ఆవిడ వెనక్కి చూడలేదు.

"చేస్తాం. ఒకటో తారీఖు దాకా అద్దె కట్టాం. అప్పటిదాకా ఇది తెరిచే ఉంటది. మీరు పైకెళ్ళండి."

ఆయన సంజీవరావు వంక ఒకసారి చూసి మెట్లెక్కాడు. చివరి మర ఊడాక శౌరమ్మ ఊచల సందులోంచి అరచేత్తో గుద్దింది. రంగు పటపటా చిట్లి రెక్కలు బయటికి తెరుచుకున్నాయి. ముందు దుమ్మొచ్చింది, తర్వాత మురుక్కాలవ వాసన. ఆ వెనక వడగాలి. సంజీవరావుకి దగ్గు తెర వచ్చింది. అది తగ్గాక, మొహం ఊచల దగ్గర పెట్టి అలాగే ఉండిపోయాడు. శౌరమ్మ ఆయనతో మాట్లాడలేదు. రెండు రోజులు మాట్లాడలేదు. కంచం పెట్టేటప్పుడు చప్పుడు చేసి పెట్టింది.

ఆదివారం గుడి నుంచి వచ్చాక ఆటో మాట్లాడింది. విద్యాధరపురంలో ఖాళీ వాటా ఉందని ఆసుపత్రిలో ఎవరో చెప్పారు. ఆటో దిగాక సంజీవరావు జేబురుమాలు తీసి నోటికి అడ్డం పెట్టుకున్నాడు, అలవాటుగా. శౌరమ్మ దాన్ని లాగేసుకుంది.

"దగ్గాలనిపిస్తే దగ్గు. ఇక్కడే దగ్గు."

"గేటు తియ్యక ముందేనా? ఇవ్వరే!"

"ఇవ్వకపోతే పోతాం. నువ్వు దాచింది చాలు."

లోపలినుంచి ఒకావిడ తాళంచెవులు పట్టుకుని వస్తోంది. సంజీవరావు ఆపుకోబోయాడు, ఆపుకోలేకపోయాడు. దగ్గు గట్టిగా, నడుం వంగేట్టు వచ్చింది. ఆవిడ సగం దారిలో ఆగిపోయింది.

"టీబీ కాదండి," అంది శౌరమ్మ గేటు పట్టుకుని. కోపం గొంతులోంచి పోలేదు, పోవాలని ఆవిడ ప్రయత్నించనూ లేదు. "రంగుల పని చేసి ఊపిరితిత్తులు పాడయ్యాయి. రాత్రిళ్ళు కూడా ఇట్టాగే దగ్గుతాడు, మీకు వినపడుద్ది. ఇష్టమైతేనే తాళం తియ్యండి. తీస్తే ముందు కిటికీలు చూపించండి."